పైడి జైరాజ్ నటజీవితం: భాషాప్రాతిపదిక సినీచరిత్రకు ఒక ప్రశ్న

వ్యాససంగ్రహం:

కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదులో చదివి, 1929లో బొంబాయి మూగచిత్ర రంగంలో ప్రవేశించిన పైడి జైరాజ్ (1909–2000) ఆరు దశాబ్దాలకు పైగా తెరపై కనిపించిన నటుడు. మూగచిత్రాలలో కథానాయకుడిగా మొదలై, టాకీలలో నాయకుడిగా, చారిత్రక చిత్రాలలో వీరుడిగా, రెండు హాలీవుడ్ చిత్రాలలో సహాయనటుడిగా, చివరకు హిందీ చిత్రాలలో క్యారెక్టర్ నటుడిగా ఆయన ప్రయాణం సాగింది. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది. అయినా తెలుగు సినిమా చరిత్రలలో ఆయనకు లభించిన చోటు స్వల్పం. ఆ చరిత్రలు భాషను ప్రాతిపదికగా గ్రహించడమే ఇందుకు మూలకారణమని, నిజాం రాజ్యపు భాషా పరిస్థితులను పరిగణనలోకి తీసుకున్నప్పుడే జైరాజ్ స్థానం స్పష్టమవుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పైడి జైరాజ్, మూగచిత్రాలు, హైదరాబాద్ రాజ్యం, క్యారెక్టర్ నటుడు, హాలీవుడ్, సినీచరిత్ర రచన.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సినిమా చరిత్రను సాధారణంగా రెండు ఘట్టాలతో ప్రారంభిస్తారు. ఒకటి, రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు రఘుపతి ప్రకాశ్ 1921లో మద్రాసులో నిర్మించిన మూగచిత్రం ‘భీష్మప్రతిజ్ఞ’. రెండవది, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’. ఆ తరువాతి కథనమంతా మద్రాసు స్టూడియోల చుట్టూ, కొంతకాలం తరువాత హైదరాబాదు స్టూడియోల చుట్టూ తిరుగుతుంది. ఈ కథనంలో నటుడికి చోటు దొరకాలంటే అతడు తెలుగు చిత్రంలో కనిపించి ఉండాలి.

ఈ కొలమానం చాలామంది విషయంలో ఇబ్బంది కలిగించదు. కానీ ఒక ప్రాంతంలో పుట్టిన మనిషి, ఆ ప్రాంతంలోనే మరో భాషకు రాజభాషా ప్రతిపత్తి ఉన్న కారణంగా, ఆ మరో భాషలో కళాకారుడైతే అతడిని ఎక్కడ చేర్చాలి? జైరాజ్ నటజీవితం లేవనెత్తే ప్రశ్న ఇదే. ఆయన నటజీవితం ప్రధానంగా హిందీ చిత్రాలలో గడిచింది. కనుక తెలుగు సినిమా చరిత్రకారుడు ఆయనను హిందీకి వదిలివేశాడు. హిందీ సినిమా చరిత్రకారుడు తారల చరిత్ర రాస్తూ, దీర్ఘకాలం సహాయపాత్రలలో కొనసాగిన ఈ నటుడిని పేరుతో సరిపెట్టాడు. రెండు చరిత్రల నడుమ ఏర్పడిన ఈ ఖాళీని పరిశీలించడానికి ఆయన బయలుదేరిన నేల నుంచి మొదలుపెట్టడం అవసరం.

2. నిజాం రాజ్యం – భాష – సినిమా:

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాలు మెదక్, వరంగల్ సుబాల కింద ఉండేవి. మెదక్, నిజామాబాదు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు మెదక్ సుబాకు, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు వరంగల్ సుబాకు చెందినవి. ఈ జిల్లాలలో ప్రజల వాడుకభాష తెలుగు. కచేరీ భాష 1880ల నుంచి ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. చదువుకున్న తెలుగువాడు బతుకుతెరువు కోసం ఉర్దూను ఆశ్రయించవలసిన స్థితి అది.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ఆవరణలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా శ్రోతలు హేళన చేసిన సంఘటన ప్రసిద్ధమే. దాని ఫలితంగానే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ కృషి క్రమంగా పెరిగి 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశంగా రూపుదిద్దుకుంది. జైరాజ్ బొంబాయి వెళ్ళిన సంవత్సరం 1929. తెలంగాణలో తెలుగు భాషకు గౌరవస్థానం కోసం ఉద్యమం నిర్మాణరూపం దాలుస్తున్న రోజులవి. ఆ ఉద్యమ ఫలాలు అందే వరకు సినిమా వంటి వ్యయసాధ్యమైన కళ తెలుగులో, హైదరాబాదు కేంద్రంగా, వెలిసే అవకాశం తక్కువ.

హైదరాబాదులో చిత్రనిర్మాణం అసలు జరగలేదని దీని అర్థం కాదు. బెంగాలీ చిత్రకారుడు, దర్శకుడు ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పి మూగచిత్రాలు తీశారు. 1924లో ‘రజియా బేగం’ అనే చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ప్రభుత్వం ఆయనను రాజ్యం విడిచి పొమ్మని ఆదేశించింది. ముస్లిం రాణి ప్రణయగాథను తెరపై చూపడం పాలకులకు రుచించలేదు. దానితో హైదరాబాదు మూగచిత్ర నిర్మాణం మొగ్గలోనే ఆగిపోయింది. అయిదేళ్ళ తరువాత నటన మీద మక్కువ కలిగిన హైదరాబాదు యువకుడికి సొంత ఊరిలో స్టూడియో లేదు. ఆయన బొంబాయి రైలెక్కడానికి ఉన్న భౌతిక కారణం ఇది.

3. కళాశాల నుంచి మూగచిత్రానికి:

జైరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదువుకుంటూ నాటకాల పట్ల ఆసక్తి పెంచుకున్నారు. ఆనాటి నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధ సంస్థ. అక్కడి బోధన ఇంగ్లీషులో సాగేది. ఇంట్లో తెలుగు, నగరంలో ఉర్దూ, కళాశాలలో ఇంగ్లీషు అనే ఈ త్రిభాషా వాతావరణం ఆయన తరువాతి జీవితాన్ని నిర్ణయించింది.

1929లో ‘జగ్‌మగాతీ జవానీ’ అనే మూగచిత్రంతో ఆయన తెరమీదికి వచ్చారు. మూగచిత్రంలో నటుడి మాతృభాషకు ప్రాధాన్యం లేదు. సంభాషణలు అక్షరఫలకాల రూపంలో, పలు భాషలలో కనిపించేవి. నటుడికి కావలసినవి రూపం, దేహదారుఢ్యం, గుర్రపుస్వారీ, కత్తిసాము. ఆ కాలపు బొంబాయి సాహసచిత్రాలకు ఆదర్శం హాలీవుడ్ నటుడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్. ‘ది మార్క్ ఆఫ్ జోరో’ (1920), ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1924) వంటి చిత్రాలు భారతీయ నగరాలలో విశేషాదరణ పొందాయి. ఆ రోజుల్లో భారతీయ థియేటర్లలో ఆడిన చిత్రాలలో అత్యధికభాగం అమెరికా నుంచి వచ్చినవే. టి.రంగాచారి అధ్యక్షతన 1927–28లో విచారణ జరిపిన సినిమాటోగ్రాఫ్ కమిటీ ఏర్పాటుకు ఈ అమెరికన్ ఆధిక్యమే ఒక ముఖ్య కారణం. కనుక జైరాజ్ తరం నటులకు హాలీవుడ్ ఆదర్శంగానూ, పోటీగానూ కళ్ళెదుట ఉండేది.

4. టాకీ రాకతో మారిన కొలమానం:

1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ విడుదలతో నటుడి నాలుక అతడి భవితవ్యాన్ని శాసించసాగింది. మూగచిత్రాలలో అగ్రతారగా వెలిగిన సులోచన (రూబీ మేయర్స్) కొంతకాలం నటన ఆపి హిందుస్తానీ నేర్చుకోవలసి వచ్చింది. భాష రాని మూగచిత్ర నటులు పలువురు తెరమరుగయ్యారు. జైరాజ్‌కు ఆ చిక్కు రాలేదు. నిజాం రాజధానిలో అబ్బిన ఉర్దూ ఆయనకు పెట్టుబడి అయింది. 1932లో వచ్చిన ‘శికారీ’తో ఆయన టాకీలలో ప్రవేశించారు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ చిత్రీకరణ జరిగింది కూడా బొంబాయిలోనే. అదే నగరంలో, అదే కాలంలో జైరాజ్ ఉన్నారు. అయినా ఆ చిత్రానికి నటీనటులను ప్రధానంగా సురభి నాటక సమాజం నుంచి, తెలుగు రంగస్థలం నుంచి తీసుకున్నారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య నటించారు. తొలి తెలుగు టాకీ నటుడికి ఉండవలసిన అర్హత పద్యం పాడగల గొంతు. ఆ అర్హతను ఇచ్చే శిక్షణాలయం పౌరాణిక రంగస్థలం. జైరాజ్ వచ్చిన దారి వేరు: కళాశాల నాటకం, మూగచిత్రం, ఉర్దూ సంభాషణ.

ఏలూరు ప్రాంతం నుంచి బొంబాయి చేరిన ఎల్.వి.ప్రసాద్ కథ ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ప్రసాద్ ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్తప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న పాత్రలు ధరించారు. తరువాత తెలుగు చిత్రాల వైపు మరలి, 1946లో ‘గృహప్రవేశం’ చిత్రానికి దర్శకత్వం వహించారు. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ బొంబాయికే వెళ్ళారు. ఒకరు తెలుగు సినిమా చరిత్రలో మూలస్తంభంగా నిలిచారు. మరొకరు అందులో అతిథి అయ్యారు. ఈ వ్యత్యాసాన్ని వ్యక్తుల ఇష్టాయిష్టాలతో మాత్రమే వివరించలేం. మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలలో పద్యనాటక రంగం, తెలుగు పత్రికలు, తెలుగు ప్రేక్షకుడు, పెట్టుబడి కలిసి ఒక సినిమా మార్కెట్టును నిర్మించాయి. తెలంగాణలో ఆ నాలుగూ ఇంకా కూడలేదు.

5. ‘మజ్దూర్’ నుంచి ‘ప్రతిమ’ వరకు:

టాకీ యుగపు తొలి దశలో జైరాజ్ నటించిన చిత్రాలలో చారిత్రక ప్రాధాన్యం గలది ‘మిల్’ లేక ‘మజ్దూర్’ (1934). అజంతా సినీటోన్ పక్షాన మోహన్ భవ్నానీ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి కథ, సంభాషణలు రాసినవారు ప్రేమ్‌చంద్. మిల్లు యాజమాన్యానికి వారసులైన అన్నాచెల్లెళ్ళలో ఒకరు కార్మికులను పీడిస్తే మరొకరు వారి పక్షం వహిస్తారు. బిబ్బో, నయంపల్లి ఆ పాత్రలు ధరించగా, జైరాజ్ కార్మికుడు కైలాస్‌గా కనిపించారు. బట్టల మిల్లుల నగరమైన బొంబాయిలో ఈ చిత్రాన్ని సెన్సారు నిషేధించింది. ప్రేమ్‌చంద్ సినిమా అనుభవం మీద వచ్చిన సాహిత్యవిమర్శలో ఈ చిత్రం ప్రస్తావన తప్పక వస్తుంది. అందులో ప్రధానపాత్రధారి కరీంనగర్ వాస్తవ్యుడన్న సంగతి మాత్రం తెలుగు పరిశోధకుల దృష్టికి అరుదుగా వచ్చింది.

1934లో హిమాంశు రాయ్, దేవికారాణి స్థాపించిన బాంబే టాకీస్ నటులకు నెలజీతం ఇచ్చి, క్రమశిక్షణతో పని చేయించిన సంస్థ. హాలీవుడ్ స్టూడియో పద్ధతికి దగ్గరగా నడిచిన ఈ సంస్థలో జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ తీసిన ‘భాభీ’ (1938)లో రేణుకాదేవి సరసన జైరాజ్ నాయకుడు. దేవికారాణి చివరి చిత్రమైన ‘హమారీ బాత్’ (1943)లోనూ ఆయన నటించారు. అదే సంస్థకు ‘ప్రతిమ’ (1945) చిత్రాన్ని దర్శకత్వం వహించి ఇచ్చారు. అది దిలీప్‌కుమార్‌కు రెండవ చిత్రం. 1945 నాటికే జైరాజ్ పదహారేళ్ళ అనుభవం గల నటుడు, దర్శకుడు.

6. కిరీటం నుంచి యూనిఫారానికి:

1950లలో జైరాజ్ చారిత్రక, జానపద చిత్రాల వీరుడయ్యారు. హోమీ వాడియా ‘హాతిమ్‌తాయ్’ (1956), ‘అమర్‌సింగ్ రాథోడ్’, ‘పృథ్వీరాజ్ చౌహాన్’ (1959), ‘టిప్పు సుల్తాన్’ (1959), ‘లాల్ ఖిలా’ (1960), ‘జై చిత్తోడ్’ (1961) ఈ కోవలోనివి. రాజపుత్ర వీరుడిగానూ, అరేబియా కథానాయకుడిగానూ, మైసూరు సుల్తానుగానూ ఒకే నటుడు ప్రేక్షకుల ఆమోదం పొందగలగడానికి కారణం నిండైన విగ్రహం, స్పష్టమైన ఉర్దూ ఉచ్చారణ. 1961లో నిరుపారాయ్‌తో ‘రజియా సుల్తానా’లో కూడా ఆయన నటించారు. 1924లో ఏ రాణి కథ హైదరాబాదులో చిత్రనిర్మాణానికి ముగింపు పలికిందో, అదే రాణి కథలో హైదరాబాదు నటుడు బొంబాయిలో నటించడం చరిత్ర వైచిత్రి.

ఇదే కాలంలో నల్లగొండ జిల్లా కోదాడ ప్రాంతం నుంచి మద్రాసు వెళ్ళిన కాంతారావు తెలుగు జానపద చిత్రాలలో కత్తివీరుడిగా ప్రసిద్ధి పొందారు. జైరాజ్ కన్నా ఒక తరం చిన్నవాడైన కాంతారావుకు 1950ల నాటికి విస్తృతమైన తెలుగు మార్కెట్టు అందుబాటులో ఉంది. ఇద్దరి కత్తి ఒకటే. మార్కెట్టు భాష వేరు. తెలంగాణ నటుల చరిత్ర రాసేటప్పుడు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడడం ప్రయోజనకరం.

1960ల తరువాత జైరాజ్ క్యారెక్టర్ పాత్రలకు మారారు. ‘షోలే’ (1975)లో పోలీసు కమిషనర్ పాత్ర అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ‘డాన్’ (1978), ‘ముకద్దర్ కా సికందర్’ (1978) చిత్రాలలోనూ ఆయన కనిపిస్తారు. ఈ దశను సాధారణంగా తారాపథం నుంచి పతనంగా వర్ణిస్తారు. ఆ వర్ణన అసమగ్రం. తొలి స్వాతంత్ర్య దశకంలో తెరపై అధికారానికి ప్రతీక రాజు. 1970ల నాటికి ఆ ప్రతీక పోలీసు అధికారి, డాక్టరు, న్యాయమూర్తి. జైరాజ్ దేహమూ, స్వరమూ మోసిన గాంభీర్యం కిరీటం నుంచి యూనిఫారానికి బదిలీ అయింది. ఒకే నటుడి పాత్రల వరుసను గమనిస్తే హిందీ చిత్రాలు అధికారాన్ని ఊహించుకున్న తీరు ఎలా మారిందో తెలుస్తుంది. తార చుట్టూ అల్లిన చరిత్రలో ఈ మార్పు కనిపించదు. సహాయనటుడి చరిత్రలోనే అది కనిపిస్తుంది.

7. హాలీవుడ్ చిత్రాలలో జైరాజ్:

ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థకు మార్క్ రాబ్సన్ తీసిన ‘నైన్ అవర్స్ టు రామా’ (1963) గాంధీజీ హత్యకు ముందు గడిచిన గంటలను చిత్రించింది. మూలం స్టాన్లీ వోల్పర్ట్ నవల. గాడ్సేగా జర్మన్ నటుడు హోర్స్ట్ బుఖోల్జ్, గాంధీజీగా జె.ఎస్.కశ్యప్ నటించగా, జైరాజ్ జి.డి.బిర్లా పాత్ర ధరించారు. గాంధీజీ హత్య 1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా భవనంలోనే జరిగింది కనుక ఆ పాత్ర కథాస్థలానికి యజమాని. నవలనూ, చిత్రాన్నీ భారతప్రభుత్వం నిషేధించింది. ఫలితంగా, అంతర్జాతీయ తెరపై ఆయన చేసిన ముఖ్యమైన పాత్ర ఒకటి సొంత దేశపు థియేటర్లకు చేరలేదు.

రెండవది ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన ‘మాయా’ (1966). జాన్ బెర్రీ దర్శకత్వంలో క్లింట్ వాకర్, జే నార్త్, సాజిద్ ఖాన్ ప్రధానపాత్రలు ధరించిన ఈ సాహసకథలో జైరాజ్‌తోబాటు ఐ.ఎస్.జోహర్ కూడా ఉన్నారు. మైసూరు బాలుడు సాబూ ‘ఎలిఫెంట్ బాయ్’ (1937)తో పాశ్చాత్య తెరపై ప్రవేశించినప్పటి నుంచి భారతదేశమంటే ఏనుగు, అడవి, బాలుడు అనే మూస కొనసాగింది. ‘మాయా’ ఆ మూసలోనిదే. ఈ రెండు చిత్రాలూ కలిసి, భారతీయ నటుడికి హాలీవుడ్ కేటాయించిన చోటును సూచిస్తాయి: కథ భారతదేశానిది, కేంద్రపాత్ర పాశ్చాత్య నటుడిది, చుట్టూ నమ్మకం కలిగించే పాత్రలు భారతీయులవి. ఫెయిర్‌బాంక్స్ తరహా సాహసచిత్రాల యుగంలో తెరమీదికి వచ్చిన జైరాజ్, మూడు దశాబ్దాల తరువాత హాలీవుడ్ చిత్రంలో ప్రవేశించినప్పుడు ఆయనకు దక్కింది ఆ అంచుస్థానమే.

అయితే హాలీవుడ్‌లోనే సహాయనటుడికి గుర్తింపు ముందుగా ఏర్పడింది. 1936 చిత్రాలతో ఆస్కార్ సహాయనటుల పురస్కారాలు మొదలయ్యాయి. తొలి పురస్కారం అందుకున్న వాల్టర్ బ్రెన్నన్ మొత్తం మూడుసార్లు దానిని గెలుచుకున్నారు. భారతదేశంలో ఫిల్మ్‌ఫేర్ సహాయనటుడి పురస్కారం 1955లో ‘బూట్ పాలిష్’ నటుడు డేవిడ్‌తో మొదలైంది. ఆ డేవిడే ‘నైన్ అవర్స్ టు రామా’లో జైరాజ్ సహనటుడు. జాతీయ పురస్కారాలలో ఆ విభాగం 1984 చిత్రాల నుంచి మాత్రమే ఉంది. అంటే జైరాజ్ ఫాల్కే పురస్కారం అందుకునే నాటికి సహాయనటుడికి ప్రత్యేకమైన జాతీయ గుర్తింపు ఇంకా లేదు.

8. గుర్తింపు, విస్మృతి:

ఫాల్కే పురస్కారం పొందిన తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి (1974) మొదటివారు, జైరాజ్ (1980) రెండవవారు. ఆ తరువాతే ఎల్.వి.ప్రసాద్, బి.నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు ఆ గౌరవం అందుకున్నారు. 2000 ఆగస్టు 11న ముంబయిలో జైరాజ్ మరణించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదు రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరు పెట్టారు. ప్రాంతీయ అస్తిత్వ చర్చ బలపడినప్పుడే ఆయన పేరు తిరిగి వినబడడం గమనార్హం. భాష ఆధారంగా కనబడని నటుడు ప్రాంతం ఆధారంగా కనబడ్డాడు.

అయితే పేరు పెట్టడం పరిశోధనకు ప్రత్యామ్నాయం కాదు. భారతీయ మూగచిత్రాలలో అత్యధికభాగం నశించాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే మూగచిత్రాల నైట్రేటు ఫిల్ములు చాలావరకు పాడైపోయాయి. ‘మజ్దూర్’ ప్రతి కూడా మిగలలేదు. కనుక జైరాజ్ తొలిదశను పునర్నిర్మించడానికి ఆనాటి పత్రికా ప్రకటనలు, పాటల పుస్తకాలు, సెన్సారు నివేదికలే ఆధారం. వాటిలో అధికభాగం ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు భాషలలో ఉన్నాయి. తెలుగు పత్రికలు, పుస్తకాల మీదనే ఆధారపడే పరిశోధకుడికి అవి అందవు. విస్మృతికి ఇది కూడా ఒక కారణం.

9. ముగింపు:

• జైరాజ్ బొంబాయి ప్రయాణం కేవలం వ్యక్తిగత సాహసం కాదు. 1924 తరువాత హైదరాబాదులో చిత్రనిర్మాణం ఆగిపోవడం, కచేరీలోనూ విద్యలోనూ ఉర్దూ ఆధిపత్యం ఆ ప్రయాణానికి నేపథ్యాలు.

• తెలుగు భాషకు చోటు దక్కనీయని ఉర్దూయే, టాకీ యుగంలో ఒక తెలుగు నటుడిని నిలబెట్టింది. నిజాం కాలపు భాషాచరిత్రను నష్టాల పట్టికగానే కాక, ఇటువంటి వైరుధ్యాలతో సహా చదవవలసి ఉంది.

• సహాయనటుడి దశ తారాజీవితానికి అనుబంధం కాదు. పాత్రల పరిణామాన్ని, సమాజం అధికారాన్ని చూసిన తీరును తెలిపే ఆధారం.

• హాలీవుడ్ చిత్రాలలో ఆయన పాత్రలు భారతీయ నటుడికి ఆనాటి పాశ్చాత్య తెర ఇచ్చిన హద్దులను తెలుపుతాయి.

• ‘తెలుగు సినిమా చరిత్ర’, ‘తెలుగువారి సినిమా చరిత్ర’ ఒకటి కావు. మొదటిది భాషను అనుసరిస్తుంది. రెండవది మనుషులను అనుసరించాలి. తెలంగాణ జిల్లాల నుంచి ఇతర భాషల తెరలకు వెళ్ళిన నటులు, సాంకేతిక నిపుణుల వివరాలను ఉర్దూ ఆధారాల సాయంతో జిల్లాలవారీగా సేకరించినప్పుడే ఆ రెండవ చరిత్రకు పునాది పడుతుంది. ఆ పనికి జైరాజ్ నటజీవితం తొలి అధ్యాయం కాదగినది.